రెండు వందల పన్నెండు మంది రాజన్నలు

2021 నవంబరు 15, సోమవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. ఇచ్చోడ దాటాక హైవే పక్కనున్న, పత్తి గింజలు తీసే ఒక జిన్నింగ్ మిల్లు గేటు గదిలో కంప్యూటర్ మీద ‘రాజన్న’ అన్న పేరు కొట్టి ఎంటర్ నొక్కారు. నేను నా చేతి గడియారం చూసుకున్నాను. తెర మీద జవాబు వచ్చేసరికి నాలుగు నిమిషాల పది సెకన్లు పట్టింది. గేటు బయట రోడ్డు వారగా అరవై మూడు పత్తి బండ్లు నిలబడి ఉన్నాయి. మహారాష్ట్ర వైపు ఆకాశం నల్లబడుతోంది.

నాది చొప్పదండి. కరీంనగర్‌లో ముప్పై నాలుగేళ్ళు వ్యాపారస్తులకు ప్రోగ్రాములు రాశాను, ఇతరులు రాసినవి బాగుచేశాను. రైస్ మిల్లులు, మందుల ఏజెన్సీలు, జిన్నింగ్ మిల్లులు నా దగ్గరికి వచ్చేవి. అందరి ఫిర్యాదూ దాదాపు ఒకటే: ‘మొదట్లో బాగానే ఉండె, ఇప్పుడు నడుస్తలేదు.’ వ్యాపారం పెరిగిన కొద్దీ సమాచారం పెరుగుతుంది. ఆ సమాచారం దాచే చోటుని డేటాబేస్ అంటాం. దాన్ని మనం అడిగే ప్రశ్నను క్వెరీ అంటాం. పది వేల చీటీలున్నప్పుడు చిటికెలో జవాబు చెప్పిన క్వెరీ, రెండు లక్షలైతే నిమిషాలు తీసుకుంటుంది. ప్రశ్న మారదు, తప్పూ కాదు. వెతికే దారి మాత్రం పాతదే ఉండిపోతుంది. నా పనిలో ఎక్కువ భాగం ఆ దారి సరిచేయడమే.

ఈ మిల్లు ప్రోగ్రామును రాసిన కంపెనీ అప్పటికే మూతపడింది. మిల్లు యజమాని నారాయణరెడ్డి శనివారం ఫోన్ చేస్తే, ఆదివారం బస్సులో నిర్మల్ మీదుగా వచ్చి ఇచ్చోడలో దిగాను. ఆయన నన్ను చూడగానే మొదలుపెట్టారు.

“మేడం, కొత్త కంప్యూటర్ కొన్న. మెమరీ డబల్ జేయించిన. అయినా గిట్లనే సతాయిస్తుంది. మొత్తం సీజన్ పరేషాన్.”

“కొత్తది ఎక్కడ పెట్టిన్రు?”

“గేటు కాడ. లొల్లంత ఆడనే కదా.”

“పని జరిగేది ఆఫీసు గదిలున్న సర్వర్ మీద. గేటు కాడున్నది కిటికీ అసొంటిది. కిటికీకి కొత్త రంగు వేస్తే వంట జల్దీ అయితదా రెడ్డిగారూ?”

గేటు గుమాస్తా సుధాకర్ నవ్వు ఆపుకోలేక ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆరేళ్ళుగా అతను ఆ కుర్చీలోనే ఉన్నాడు. సీజన్‌లో రోజుకు రెండు వందల బండ్లకు టోకెన్లు కొట్టే మనిషి. ఇప్పుడు వందకు మించడం లేదు.

టోకెన్ ఎందుకో చెప్పాలి. పత్తి తెచ్చిన రైతు గేటు దగ్గర పట్టాదారు పేరు చెప్పాలి. ఆ పాస్ పుస్తకం మీద ఉన్న ఎకరాలకు ఈ సీజన్‌లో ఎంత పత్తి అమ్ముకోవచ్చో ఒక పరిమితి ఉంటుంది. ఇప్పటిదాకా ఎంత అమ్మారో ప్రోగ్రాము కూడి చూపిస్తుంది. పరిమితిలో ఉంటే టోకెన్ వస్తుంది, బండి లోపలికి వస్తుంది. లోపల పెద్ద రేకుల షెడ్డు ఉంది. అక్కడ తేమ చూసి కాంటా పెట్టి, తూకం చీటీ రాస్తారు. షెడ్డులోకి వస్తే వానకు భయం లేదు. గేటు బయట ఉన్నంతసేపూ పత్తి మీద ఉన్నది ఆకాశమే.

నేను రెండోసారి సమయం చూసుకుంటుండగా కిటికీ దగ్గరికి ఒకామె వచ్చింది. నలభై అయిదేళ్ళు ఉండొచ్చు. తల మీద తువ్వాల, కొంగుకు పత్తి నూగు.

“అమ్మా, కరీంనగర్ నుంచి వచ్చిన డాక్టరమ్మ మీరేనా? గీ డబ్బాకు జొరమొచ్చిందట కదా.”

“డాక్టర్‌ను కాదు గని, చూసేది దీన్నే.”

“సూదేస్తరా, సెలైన్ పెడ్తరా? ఏదైనా జర జల్దీ పెట్టుండ్రి. మా బండి యాభై ఆరోది. మా ఆయన ట్రాలీ కాడ ఆకాశం దిక్కు జూసుకుంట ప్రార్థన జేస్తుండు. నేను మీ కాడికొచ్చిన. రెండు దిక్కుల నుంచి కొట్లాడితె ఒక్క దిక్కన్న పనైతది.”

ఆమె పేరు సువార్తమ్మ, భర్త ఏసుదాసు. వాళ్ళది బోరిగూడ. నాలుగెకరాలు కౌలుకు పట్టారు. మొదటి ఏరుడు పత్తిని గులాబి పురుగు తిన్నది. ఇది రెండో ఏరుడు, ఇరవై రెండు క్వింటాళ్ళు, కిరాయి ట్రాలీలో తెచ్చారు.

“మీద కప్పనీకి తాడపత్రి లేదా?” అని అడిగాను. ఆదిలాబాద్ వైపు టార్పాలిన్‌ను అలాగే అంటారు.

“ఉన్నది. నిరుడు చినిగింది. ఎండకైతె ఆగుతది, వానకు ఆగది. పత్తి తడిస్తె తేమ ఉన్నదని వాపస్ తోలుతరు. మా ఏడాదంత గా ట్రాలీలనే ఉన్నది అమ్మా.”

“పట్టా ఎవరి పేరున ఉన్నది?”

“గడ్డం రాజన్నది. భూమి ఆయనది, చెమట మాది.”

సుధాకర్ తల పట్టుకున్నాడు. “మళ్ళా రాజన్ననే! మేడం, ఏ పేరైనా వెట్టుండ్రి గని రాజన్న అంటె నాకు జొరమొస్తది. సంతోష్ అంటె అర నిమిషంల వస్తది. రాజన్న, మల్లయ్య, లక్ష్మి అంటె చాయ్ తాగొచ్చినా రాదు.”

అతను విసుగుతో అన్న మాట నాకు పెద్ద ఆధారం. పేరును బట్టి సమయం మారుతోందంటే, ఆ పేరు గలవాళ్ళు ఎందరుంటే అంత ఆలస్యమవుతోంది. ఆఫీసు గదిలోకి పోయి సర్వర్ మీద ఎగ్జిక్యూషన్ ప్లాన్ తీశాను. మనం అడిగిన దానికి జవాబు వెతకడానికి యంత్రం ఏ దారిన పోతున్నదో చూపించే పటం అది.

దారి ఇలా ఉంది. ప్రోగ్రాము ముందు రైతుల పట్టీలో రాజన్న అన్న పేరు ఎక్కడున్నా ఏరుతుంది. పదకొండు వేల మందిలో రెండు వందల పన్నెండు మంది రాజన్నలు తేలారు. ఆ తర్వాత ఒక్కొక్క రాజన్న కోసం, అయిదేళ్ళ కాంటా చీటీలన్నీ మొదటి నుంచి చివరి దాకా చదివి, అతనివి ఏరి కూడుతుంది. చీటీలు లక్షా తొంభై వేలు. రెండు వందల పన్నెండుతో హెచ్చవేస్తే నాలుగు కోట్ల రెండు లక్షల ఎనభై వేల సార్లు చదవడం. ఒక్క టోకెన్ కోసం.

దీన్ని మా వృత్తిలో ఫుల్ టేబుల్ స్కాన్ అంటాం. నారాయణరెడ్డికి బాసర గుడి ముందు చెప్పుల సంగతి చెప్పాను. పండుగనాడు కుప్పలో విడిచిన చెప్పుల కోసం కుప్పంతా తిరగేయాలి. స్టాండులో ఇచ్చి నంబరు బిళ్ళ తీసుకుంటే, తిన్నగా ఆ అరలోంచి తీసి ఇస్తారు. ఆ అరల ఏర్పాటే ఇండెక్స్. కాంటా చీటీలకు రైతు నంబరు మీద ఇండెక్స్ లేదు.

“మరి పెట్టరాదుండ్రి. ఎంతసేపైతది?”

“ఆరేడు నిమిషాలు. కానీ ముందు బ్యాకప్ తీయాలె, ముప్పై అయిదు నిమిషాలు. అంతసేపు గేటు ఆపాలె.”

“ఏడు నిమిషాల పనికి ముప్పై అయిదు నిమిషాల బ్యాకప్పా? బయట మబ్బు చూసిన్రా?”

“చూసిన. మీ కరెంటు పొద్దటి నుంచి రెండుసార్లు పోయింది, అది కూడా చూసిన. యూపీఎస్ బ్యాటరీ సగానికి సగం. ఇండెక్స్ కట్టేటప్పుడు నడుమ పోయి ఏదన్నా చెడితే అయిదేండ్ల లెక్క పోతది. అప్పుడు ఎవరు ఎంత అమ్మిన్రో తెల్వక ఒక్క బండి కూడా లోపలికి రాదు.”

నేను ఇంకో మాట చెప్పాను. “గేటు ఆపినప్పుడు బండ్లను రానియ్యుండ్రి. చేతితో చిట్టీ రాసి షెడ్డులో నిలబెట్టుండ్రి. టోకెన్ తర్వాత కొట్టొచ్చు.”

“అది కాదు మేడం. రెండేండ్ల కింద గట్లనే రానిచ్చిన. లోపలికొచ్చినంక పరిమితి దాటిందని తెలిసింది. వాపస్ పొమ్మంటె పోలే. కట్టెలు లేసినయి. మా వాచ్‌మన్ తల పగిలింది.” ఆయన షెడ్డు వైపు చూసి లెక్క వేసుకున్నారు. “ఇరవై బండ్లు. వరుసల ముందున్న ఇరవై. అంతకన్న నాతోని కాదు.”

ఆయనను తప్పుపట్టలేకపోయాను. అప్పటికి ఏడు బండ్లు టోకెన్లతో లోపలికి పోయాయి. చిట్టీల మీద ఇరవై పోయాయి. ముప్పై ఆరు మిగిలాయి. పదకొండు గంటల అయిదు నిమిషాలకు బ్యాకప్ మొదలుపెట్టాను.

బయట ఎవరూ ఊరికే లేరు. ట్రాలీల మీద ఎక్కి తాళ్ళు బిగిస్తున్నారు. ఒకాయన యూరియా సంచులు విప్పి కుట్టుకుంటున్నాడు. సువార్తమ్మ రెండుసార్లు ఆఫీసు కిటికీ దాకా వచ్చి పోయింది. మూడోసారి వచ్చి, “అమ్మా, సెలైన్ ఎక్కుతుందా?” అంది.

“సగం ఎక్కింది.”

“మంచిగ ఎక్కనియ్యుండ్రి. సగంల గుంజితె మంచిది కాదు.” నవ్వడానికే అన్నది గానీ, కళ్ళు మబ్బు మీదే ఉన్నాయి.

బ్యాకప్ ముగిశాక దాన్ని తెరిచి చీటీల సంఖ్య సరిచూశాను. తర్వాత ఇండెక్స్ కట్టాను. పదకొండు గంటల యాభై నిమిషాలకు గేటు గదికి పోయి సుధాకర్‌ను రాజన్న పేరు కొట్టమన్నాను. ఎంటర్ నొక్కిన వేలు ఎత్తేలోగా జవాబు వచ్చింది. ఒక్క సెకను.

“గింతేనా?” అన్నారు నారాయణరెడ్డి. “గింత దానికి నేను కొత్త కంప్యూటర్ కొన్ననా!”

సుధాకర్ ఈసారి నవ్వు ఆపుకోలేదు. గేటు తెరిచారు. నేను మనసులో లెక్క వేసుకున్నాను: యంత్రానికి ఒక సెకను, మిగతా తంతుకు అర నిమిషం. ముప్పై ఆరు బండ్లు పద్దెనిమిది నిమిషాల్లో లోపల ఉండాలి. పన్నెండుంబావుకు ముందే యాభై ఆరో బండి షెడ్డు కింద ఉంటుంది. ఆఫీసు గదిలో కూర్చుని చాయ్ తాగాను. ఆ అరగంట నాకు చాలా తృప్తిగా గడిచింది.

పన్నెండూ ఇరవైకి బయటికి వస్తే ఇరవై బండ్లే కదిలి ఉన్నాయి. బండికి ఒకటిన్నర నిమిషం పడుతోంది. సర్వర్ మీద చూస్తే క్వెరీలన్నీ సెకనులోపే. యంత్రం ఖాళీగా కూర్చుని ఉంది. మరి సమయం ఎక్కడ పోతోంది? గేటు గదిలోకి పోయి సుధాకర్ వెనక నిలబడ్డాను.

ఒక ముసలాయన కిటికీ దగ్గరికి వచ్చాడు.

“ఏ ఊరు కాకా?” అన్నాడు సుధాకర్.

“బోరిగూడ.”

“పేరు?”

“మల్లయ్య బిడ్డా.”

సుధాకర్ మల్లయ్య అని కొట్టాడు. నూట డెబ్భై మంది మల్లయ్యలు తెర మీదకి వచ్చారు. అతను వేలితో తెర మీద ఒక్కొక్క వరుస జరుపుకుంటూ, “బోరిగూడ, బోరిగూడ, బోరిగూడ…” అని గొణుగుతూ కిందికి పోసాగాడు. నిమిషం దాటాక దొరికింది.

మా దిక్కు ఎవరు ఎదురుపడినా మొదట అడిగేది ఊరు. ఊరు చెప్పాకే పేరు. ఒక ఊళ్ళో మల్లయ్యలు ఇద్దరో ముగ్గురో ఉంటారు. అది తెలిసే అందరూ అలా అడుగుతారు. సుధాకర్ కూడా అలాగే అడుగుతున్నాడు, రైతు అలాగే చెబుతున్నాడు. ప్రోగ్రాములో మాత్రం పేరు కొట్టడానికి ఒక గడి ఉంది, ఊరు కొట్టడానికి లేదు. ఇంటిపేరు కొడదామంటే రైతులు గేటు దగ్గర అది చెప్పరు. కౌలుదారులకైతే పట్టాదారు ఇంటిపేరు సరిగా గుర్తుండదు కూడా. అందుకని సుధాకర్ ఊరి పేరును నోట్లో పెట్టుకుని తెర మీద కంటితో వెతుక్కుంటున్నాడు. ఆరేళ్ళుగా అంతే. జవాబు రావడానికి నాలుగు నిమిషాలు పట్టినప్పుడు, వచ్చాక పట్టే ఆ నిమిషం ఎవరి లెక్కలోకీ రాలేదు.

ప్రోగ్రాములో కొత్త గడి పెట్టడం అప్పటికప్పుడు అయ్యే పని కాదు. నా ల్యాప్‌టాప్ తెచ్చి అతని పక్కన కూర్చున్నాను. ఊరూ పేరూ రెండూ పెట్టి క్వెరీ చేత్తో రాసి రైతు నంబరు తీయడం, ఆ నంబరు పైకి చదవడం నా పని. నంబరు కొట్టి టోకెన్ తీయడం సుధాకర్ పని. ఇది సర్దుకునేసరికి మూడు నిమిషాలు పోయాయి.

“ఏ ఊరు?”

“ఇచ్చోడ దగ్గర గూడెం.”

“పేరు?”

“లక్ష్మి.”

నంబరు చదివాను. టోకెన్ వచ్చింది. ముప్పై సెకన్లు కూడా కాలేదు. తర్వాతి బండి, దాని తర్వాతిది. యాభై మూడో బండి లోపలికి పోయింది. ముందుకు వంగి చూస్తే వరుసలో మూడో ట్రాలీ మీద సువార్తమ్మ నిలబడి తాడు పట్టుకుని ఉంది. నన్ను చూసి చెయ్యి ఊపింది.

పన్నెండున్నరకు వాన పడింది. చినుకులతో మొదలుపెట్టలేదు, ఒక్కసారే కురిసింది.

నారాయణరెడ్డి గొడుగు లేకుండా గేటు దాకా పరుగెత్తుకుని వచ్చారు. “టోకెన్ గీకెన్ వద్దు. అన్నీ రానియ్యి! అన్నీ!” అని అరిచారు. గేటు రెండు రెక్కలూ తీశారు. యాభై నాలుగో ట్రాక్టర్ తొందరలో మలుపు తిప్పితే దాని ట్రాలీ చక్రం మోరీ కాలువలో దిగి, గేటుకు అడ్డంగా ఆగిపోయింది. పదిమంది పట్టినా కదలలేదు. నారాయణరెడ్డి కూడా బురదలో దిగి నెట్టారు. అది బయటికి వచ్చేసరికి వాన తగ్గుముఖం పట్టింది.

ఆ సేపంతా సువార్తమ్మ, ఏసుదాసు ట్రాలీ మీదే ఉన్నారు. తాడపత్రి చినిగిన చోట ఏసుదాసు బోర్లా పడుకున్నాడు. ఇంకో చీలిక మీద ఆమె తన తువ్వాల, దాని మీద తన రెండు చేతులు పెట్టి కూర్చుంది. వాన ఆగాక వాళ్ళు దిగలేదు. దిగితే పత్తి చూడవలసి వస్తుందని కాబోలు.

షెడ్డులో తేమ మీటరు పెట్టారు. పై పొర పదిహేడు, మధ్యలో పదకొండు, అడుగున తొమ్మిది. తేమ పన్నెండు దాటితే కొనరు. తడిసిన బండ్లను వాపస్ పంపడం ఆ మిల్లులో అలవాటు. నారాయణరెడ్డి ఆ రోజు ఎవరినీ పంపలేదు. “ఆరబోసుకోండ్రి. ఎన్ని దినాలైతె అన్ని దినాలు. షెడ్డు మీదే అనుకోండ్రి,” అన్నారు.

నేను సువార్తమ్మ దగ్గరికి పోయాను. ఆమె తడి పత్తిని పిడికిళ్ళతో వేరు చేసి ఒక పక్కకు వేస్తోంది. వంగి నేను కూడా ఏరడం మొదలుపెట్టాను.

“మీకెందుకమ్మా గీ పని? నడుము పడతది.”

“పట్టనీ.”

కాసేపటికి ఆమే అంది: “రెండు బండ్లే అడ్డమున్నయి అమ్మా. రెండే.” ఇక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ సాయంత్రం ఏసుదాసు ఇటుకల మీద గిన్నె పెట్టి కాచిన చాయ్ నాకే మొదట ఇచ్చింది.

మరునాడు ప్రోగ్రాములో ఊరి గడి పెట్టాను. పేరు కంటే ముందు పెట్టాను. ఊరూ పేరూ కలిపి ఇంకో ఇండెక్స్ కట్టాను. బోరిగూడ రాజన్నలు నలుగురే. సుధాకర్ మొదటి గంటలో తొంభై రెండు టోకెన్లు కొట్టి, కుర్చీలో వెనక్కి వాలి, “మేడం, నాకిప్పుడు రాజన్నలంటె ప్రేమ,” అన్నాడు.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. క్వెరీకి ఎంత సమయం పడుతోందో సర్వర్ చెబుతుంది. మనిషికి ఎంత పడుతోందో అది చెప్పదు. గడియారాన్ని ఎంటర్ నొక్కిన క్షణం నుంచి మొదలుపెడితే మనం బాగుచేసేది యంత్రాన్ని. వరుసలో నిలబడిన మనిషి కిటికీ దగ్గరికి వచ్చిన క్షణం నుంచి మొదలుపెట్టాలి, అతను కదిలిపోయాక ఆపాలి. బ్యాకప్ తీసినందుకు నేను విచారించను. ఇప్పటికీ తీస్తాను. అయితే బ్యాకప్ నడుస్తున్న ఆ ముప్పై అయిదు నిమిషాలు ఇప్పుడు ఆఫీసు గదిలో కూర్చోను. గుమాస్తా పక్కన కూర్చుని, గేటు నడిచేటప్పుడు అతను ఏం అడుగుతాడో, కొట్టే గడి లేక కంటితో ఏం వెతుకుతాడో చెప్పించుకుంటాను.

ఆ రోజు పోయినది ఇది. వానకు గేటు బయట చిక్కినవి పది బండ్లు. రెండు పొరల తాడపత్రి ఉన్న మూడు బండ్లకు నష్టం లేదు. మిగిలిన ఏడు బండ్లలో పూర్తిగా పాడైన పత్తి పద్నాలుగు క్వింటాళ్ళు. అందులో సువార్తమ్మది మూడు. ఆమె తెచ్చిన ఇరవై రెండు క్వింటాళ్ళలో పదకొండు అదే రోజు కాంటా ఎక్కాయి. ఎనిమిది, మూడు రోజులు ఆరి, రంగు మారి, తక్కువ రకం కింద పోయాయి.